నడకను కొలువవలసిన కాలము వచ్చినది

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వైద్య ఆరోగ్య శాఖామాత్యులకు బహిరంగ లేఖ

మాన్యులగు అమాత్యవర్యులారా,

అరువదియేండ్లు దాటి ప్రభుత్వ వైద్యశాలల గడప త్రొక్కు ప్రతి స్త్రీకిని, ప్రతి పురుషునికిని, రక్తపోటును నాడిని చూచినట్లే నడకను, నడకలోని సమతుల్యతను గూడ కొలిచి, ఆ కొలతను వారి చీటీపై వ్రాయించవలెనని అర్థించుటకు ఈ లేఖ వ్రాయుచున్నాను. ఈ విన్నపమును ఒక అర్జీగా మీ కార్యాలయమునకు పంపి యూరకుండక, పత్రికాముఖమున నివేదించుటకు కారణము కలదు: ఇది ప్రభుత్వము చేయవలసిన పని యగుటతో పాటు, ప్రతి కుటుంబము తన యింటి పెద్దల విషయమున తెలిసికొనియుండవలసిన సంగతి. నేను ఫిజియోథెరపీ వృత్తిలో నున్నవాడను. పడినవారిని లేపి, విరిగిన తుంటికి శస్త్రచికిత్స యైన పిమ్మట వారిచేత మరల అడుగు వేయించుట నా నిత్యకృత్యము. వారిలో ననేకుల నడక, పడుటకు చాల ముందే, కొలుచువారుండినచో, చెప్పవలసినదంతయు చెప్పియుండెడిదే యను నిశ్చయమే నాచేత ఈ లేఖ వ్రాయించుచున్నది.

ఇంట ముసలివారు పడినప్పుడు మనము చెప్పుకొను మాటలు అందరికిని తెలిసినవే. స్నానాలగదిలో నీళ్లున్నవని, గడప తగిలినదని, దీపము లేదని, గ్రహచారము బాగులేదని అందుము. నీళ్లును, గడపయు, చీకటియు నిజమే. కాని అదే తడి నేలపై అదే దినమున ఆ యింటి కోడలును, మనుమలును పదిమార్లు నడచియుందురు, వారెవ్వరును పడలేదు. తడి నేల పడుటకు సందర్భమును మాత్రమే కల్పించినది. పడకుండ నిలదొక్కుకొను శక్తి అంతకు ఎన్నో నెలలకు ముందే, ఒక్కొక్కప్పుడు ఏండ్లకు ముందే, సన్నగిల్లియుండెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము ప్రతి సంవత్సరము ప్రపంచమున 6,84,000 మంది పడుట వలన మరణించుచున్నారు. వారిలో నూటికి ఎనుబదిమందికి పైగా మనవంటి అల్పాదాయ, మధ్యమాదాయ దేశములవారే. అధికభాగము అరువదియేండ్లు దాటినవారే. అనుకొనకుండ సంభవించు గాయముల వలన కలుగు మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాతి స్థానము దీనిదే. రోడ్డు ప్రమాదమునకు పోలీసు ఠాణాలో కేసు నమోదగును, అంకెలు ప్రకటింపబడును, శాసనసభలో ప్రశ్నలు పుట్టును. వృద్ధురాలు పెరటిలో పడి, ఆరునెలలు మంచము పట్టి, తుదకు న్యుమోనియాతో కన్నుమూసినచో, ఆ మరణము ఏ పద్దులోను పడుటగా నమోదు కాదు.

మరణించని వారి మాట వేరు. తుంటి యెముక విరిగినవారికి శస్త్రచికిత్స, దానికై చేసిన అప్పు, కూలి మానుకొని ప్రక్కన కూర్చుండవలసిన కొడుకో కూతురో, ఇవి మొదటి దెబ్బలు. ఏ యెముకయు విరుగక లేచినవారికి సైతము మరియొక నష్టము మిగులును, అది భయము. ఒకసారి పడిన పెద్దలు పొలమునకు పోవుట మానుదురు, గుడికి పోవుట మానుదురు, తుదకు వీధి యరుగు మీదికి వచ్చుట గూడ మానుదురు. నడక తగ్గిన కొలది కాళ్ల సత్తువ తగ్గును, సత్తువ తగ్గిన కొలది సమతుల్యత చెడును, చెడిన సమతుల్యత మరల పడద్రోయును. ఈ వలయమును త్రెంచవలయునన్న అది మొదలగు చోటనే పట్టుకొనవలెను. ఆ చోటును చూపగల సాధనము కొలత యొక్కటియే.

నడకను కొలుచుట యన నేమో గ్రహించుటకు ఒక్క అడుగును దగ్గరగా పరిశీలింపవలెను. కుడిమడమ నేలను తాకినది మొదలు మరల అదే మడమ నేలను తాకు వరకు ఒక చక్రమనుకొందము. అందులో నూటికి సుమారు అరువది పాళ్లు ఆ కాలు నేలమీద నుండును, నలువది పాళ్లు గాలిలో నుండును. రెండు పాదములును ఒకేమారు నేలపై నుండు కాలము నూటికి సుమారు ఇరువది పాళ్లు మాత్రమే. అనగా నడచునంతసేపును నూటికి ఎనుబది పాళ్లు మనిషి ఒంటికాలిమీదనే యుండును. మొండెము, తల, చేతులు కలిసిన భాగము దేహభారములో మూడింట రెండువంతులు. ఆ భారము నేలకు మన యెత్తులో మూడింట రెండువంతుల దూరమున, పైన నున్నది. పిల్లలు అరచేతిలో కర్రను నిలువుగా నిలిపి, అది ఒరుగు వైపునకు చేతిని జరుపుచు ఆడుకొందురు. నడచు దేహము అట్టి కర్రయే, పాదము అట్టి అరచేయియే. ఒంటికాలిమీద నున్న సమయమున దేహము యొక్క గరిమనాభి, అనగా దేహభారమంతయు కూడినట్లెంచు బిందువు, ఆ పాదమునకు సరిగా పైన నుండదు, పాదపు లోపలి యంచుకు ఈవలి ప్రక్కగా సాగిపోవును. కావున ప్రతి అడుగులోను దేహము ముందునకును, లోపలి ప్రక్కకును పడుటకు ఆరంభించుచునే యుండును. తరువాతి పాదము సకాలమున, సరియైన చోట వచ్చి వ్రాలుట చేతనే ఆ పతనము ఆగుచున్నది. గాలిలో ముందునకు సాగు పాదము నేలకు అత్యంత సమీపమున పోవునప్పుడు బొటనవ్రేలికిని నేలకును నడుమ నుండు ఎడము ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే. ఆ సమయముననే పాదము మిక్కిలి వేగముగా కదలుచుండును. చాపయంచు, గచ్చులోని చిన్న పగులు, జారిన చీర కుచ్చిళ్లు, వీనిలో నేదైనను ఆ కొద్దిపాటి యెడమును మ్రింగివేయుటకు చాలును.

ఇంత సూక్ష్మమైన పనిని మెదడు మూడు దిక్కుల వార్తలు గ్రహించి నడుపుచుండును. కన్ను ముందున్న నేలను చూపును. లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలును, వాని చెంతనున్న సూక్ష్మేంద్రియములును తల కదలికను, ఒరుగుదలను తెలుపును. అరికాలి చర్మమును, కీళ్లును, కండరములును కాలి క్రింది నేల యెట్లున్నదో, చీలమండ యెంత వంగినదో నివేదించును. అనుమస్తిష్కము వీనినన్నింటిని సరిపోల్చి, ఏ కండరము ఎప్పుడు బిగియవలెనో సవరించుచుండును. వయస్సుతో ఈ మూడును కొంతకొంత మందగించును. మన దేశమున దానికి తోడు మధుమేహమున్నది: భారత వైద్య పరిశోధనా మండలి వారి అధ్యయనము 2023లో ప్రకటించిన దానిని బట్టి దేశమున పదికోట్లకు పైగా మధుమేహ రోగులు కలరు. దీర్ఘకాలము షుగరు అదుపు తప్పినవారికి అరికాళ్లు మొద్దుబారును. అట్టివారు పగటివేళ కంటిచూపు నాధారము చేసికొని చక్కగానే నడతురు. రాత్రి కరెంటు పోయిన వేళ, మొగము కడుగుకొనుటకై కన్నులు మూసికొన్న వేళ, ఉన్న ఒక్క ఆధారము గూడ తొలగి పడుదురు. కంటిలో శుక్లములు గూడ నున్నచో వారి స్థితి మరింత శోచనీయము.

నడకను కొలువవలెనను కోరిక నేటిది కాదు. ఇటలీ దేశస్థుడగు బొరెల్లి పదునేడవ శతాబ్దిలోనే మనిషిని పలకపై పరుండబెట్టి, ఆ పలకను అంచుపై తూచి, గరిమనాభి యెచట నున్నదో కనుగొనెను. అతని గ్రంథము మరణానంతరము 1680లో వెలువడుట మొదలిడెను. 1836లో జర్మనీకి చెందిన వేబర్ సోదరులు అడుగు పొడవును, అడుగునకు పట్టు కాలమును కొలిచి గ్రంథము ప్రకటించిరి. పందొమ్మిదవ శతాబ్ది చివర పారిస్ నగరమున మారే యను శరీరశాస్త్రవేత్త మనిషికి నల్లని దుస్తులు తొడిగి, చేతులకు కాళ్లకు తెల్లని చారలు కట్టి, ఒకే పలకమీద వరుసగా ఛాయాచిత్రములు తీసి, నడకను గీతలుగా మార్చిచూపెను. లైప్‌జిగ్ నగరమున బ్రౌనె, ఫిషర్ అనువారు సైనికుని అవయవములకు వెలుగు గొట్టములు కట్టి చీకటిలో నడిపించి, వాని చిత్రములనుండి ప్రతి అవయవము యొక్క స్థానమును మూడు దిశలలో లెక్కించిరి. ఆ లెక్కల గ్రంథములు 1895 నుండి 1904 వరకు వెలువడినవి. రెండవ ప్రపంచయుద్ధమున కాళ్లు కోల్పోయిన సైనికులకు మంచి కృత్రిమపు కాళ్లు కావలసివచ్చినప్పుడు కాలిఫోర్నియాలో ఇన్‌మన్ బృందము ఈ శాస్త్రమును చేపట్టినది. పిమ్మట అదే రాష్ట్రమున జాక్వెలిన్ పెర్రీ యను వైద్యురాలు నడకను దశలుగా విభజించి, ఏ దశలో నేది చెడిన ఏ రోగమగునో రోగుల ప్రక్కన నిలిచి నేర్పినది.

నేటి ప్రయోగశాలలో నేలలో బిగించిన బలఫలకములు పాదము నేలను నొక్కు బలమును, దాని కేంద్రమును తెలుపును. గోడల నుండి చూచు కెమేరాలు దేహముపై నంటించిన గుర్తులను వెంబడించును. నడుమునకు కట్టిన చిన్న పరికరము త్వరణమును నమోదు చేయును. వీని వలన తేలిన సత్యములలో రెండింటిని మీ దృష్టికి తేవలసియున్నది.

మొదటిది, నిలుచున్నవాని సమతుల్యత వేరు, నడచువాని సమతుల్యత వేరు. పాదములు జేర్చి కన్నులు మూసి నిలుచుండుమని రోగిని కోరు పరీక్షను బెర్లిన్ వైద్యుడు రోంబెర్గ్ పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమున ప్రవేశపెట్టెను. నేటికిని అది ప్రతి వైద్యవిద్యార్థికి తెలిసిన మంచి పరీక్షయే. అయినను నిశ్చలముగ నిలుచున్నప్పుడు గరిమనాభి పాదముల నడుమనున్న నేలకు పైన నున్న చాలును. నడకలో దాని స్థానముతో పాటు వేగమును గూడ లెక్కింపవలెను. నెదర్లాండ్స్ దేశమునందలి గ్రోనింగెన్‌కు చెందిన హాఫ్ 2005లో దీనిని సూత్రబద్ధము చేసెను: గరిమనాభి యున్న చోటికి దాని వేగమునకు తగిన దూరమును చేర్చగా వచ్చు బిందువు పాదములు ఆనిన చోటికి ఎంత లోపల నున్నదో, ఎంత వెలుపల నున్నదో, దానినిబట్టి స్థిరత్వపు మిగులు తేలును. కావున అర నిమిషము కదలక నిలువగలిగిన వృద్ధుడు నడచుచు మలుపు తిరుగునప్పుడు పడిపోవుటలో ఆశ్చర్యము లేదు. నిలుచుండుమని మాత్రమే పరీక్షించి పంపివేసినచో, పడు సందర్భమును పరీక్షింపక విడిచినట్లే.

రెండవది, సగటు కంటె హెచ్చుతగ్గులు ఎక్కువ చెప్పును. ఆరోగ్యవంతుడు ఒక అడుగునకు పట్టించు కాలము తరువాతి యడుగునకు పట్టించు కాలమునకు మిక్కిలి దగ్గరగా నుండును. పడుటకు సిద్ధముగా నున్నవారి అడుగులలో ఈ నియమము చెడి, ఒకటి పొట్టిగను, ఒకటి పొడుగుగను, ఒకటి త్వరగను, ఒకటి ఆలసించియు పడుచుండును. ఇట్టి యస్థిరత ఎక్కువగా నున్నవారే తరువాతి కాలమున ఎక్కువగా పడుదురని అమెరికాలో హాస్‌డార్ఫ్ బృందము 2001లో చూపినది.

ఇది విని, ఇంత ఖర్చుగల ప్రయోగశాలలు మండలమునకొకటి ఎట్లు కట్టింతుమని మీరు శంకింపవచ్చును. కట్టనక్కరలేదు. ప్రయోగశాల నేర్పిన దానిలో ముఖ్యమైన భాగము నాలుగు మీటర్ల నేల, ఒక కుర్చీ, ఒక స్టాప్‌వాచ్ ఉన్నచోట పనికివచ్చునట్లు గడచిన నలుబది యేండ్లలో సులభము చేయబడినది. 1986లో అమెరికా వైద్యురాలు మేరీ టినెట్టి, లేచుట, నిలుచుట, తిరుగుట, అడుగులు వేయుట మున్నగువానికి మార్కులు వేయు పద్ధతిని ప్రకటించినది. 1991లో కెనడాకు చెందిన పొడ్‌సియాడ్లో, రిచర్డ్‌సన్ అనువారు కుర్చీనుండి లేచి మూడు మీటర్లు నడచి, తిరిగి వచ్చి కూర్చుండుటకు పట్టు కాలమును కొలుచు పరీక్షను నిర్దుష్టము చేసిరి. పండ్రెండు సెకన్లు, అంతకు మించి పట్టినవారిని జాగ్రత్తగా చూడవలెనని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రముల సలహా. 1997లో స్వీడన్ పరిశోధకులు మరింత సులువైన సంగతి కనుగొనిరి: నడచుచుండగా పలుకరించినచో, జవాబు చెప్పుటకై ఆగిపోవు వృద్ధులు తరువాతి ఆరునెలలలో పడు అవకాశము ఎక్కువ. నడుచుటకే మెదడు యొక్క శ్రద్ధయంతయు వ్యయమగుచున్నవారికి మాటకు మిగులునది లేదని దీని భావము. 2011లో వెలువడిన అధ్యయనమున, తొమ్మిది పరిశోధనలకు చెందిన 34,485 మంది వృద్ధుల వివరములు క్రోడీకరింపగా, నడక వేగము ఆయుఃప్రమాణముతో స్పష్టముగా ముడివడియున్నదని తేలినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వృద్ధుల సంరక్షణకై సూచించిన విధానములో సైతము, చేతుల సాయము లేక కుర్చీనుండి ఐదుమార్లు లేచి కూర్చుండుట పదునాలుగు సెకన్లలో ముగియుచున్నదా యనునది తొలి పరీక్షలలో నొకటి.

మన యిండ్లలో ఇది సాధ్యపడదను మాటకు గూడ తావు లేదు. కేంద్ర ఆరోగ్యశాఖ పక్షమున ముంబయిలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ నడిపిన భారత వార్ధక్య దీర్ఘకాలిక అధ్యయనము 2017-18లో దేశమంతట డెబ్బదివేలమందికి పైగా పెద్దలను కలిసికొనినది; మన రెండు రాష్ట్రములును అందులో కలవు. ఆ పరిశోధకులు ఇండ్లకే పోయి నాలుగు మీటర్ల నడకను గడియారముతో కొలిచిరి, ఒక పాదము వెంట నొక పాదమునిచ్చి నిలువగలరో లేదో చూచిరి, చేతిపట్టును కొలిచిరి. పరిశోధనకై ఒకసారి చేయగలిగిన పనిని ఆరోగ్యసేవగా నిత్యము చేయుట అసాధ్యమెట్లగును?

ఇటీవల నల్లగొండ జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వరండాలో నేను స్వయముగా చూచిన ఒక పరీక్షను ఇచట వివరింతును. సుద్దముక్కతో నేలపై గీతలు గీసి, టేపుతో నాలుగు మీటర్లు కొలిచి, ఏఎన్ఎం ఒక వృద్ధురాలిని పిలిచినది. "పెద్దమ్మా, నువ్వు రోజు ఎట్ల నడుస్తవో గట్లనే ఆ గీత దాంక నడిచి రా" యని ఆమె యనగా, "నా నడకల సూడనీకి ఏమున్నది బిడ్డా" యని ఆ తల్లి పలికినది. కుర్చీనుండి లేచుటకు రెండు చేతులును మోకాళ్లపై నాని, ఒకసారి ముందునకు ఊగి, రెండవసారికి లేచినది. నాలుగు మీటర్లు నడచుటకు ఏడు సెకన్లు పట్టినది. అనగా సెకనుకు 0.57 మీటరు, నడక మందగించినదనుటకు హద్దుగా ఎంచు ఎనిమిది పదుల సెంటీమీటర్లకు చాల తక్కువ. పాదములు నేలను విడువక ఈడ్చుచుండెను. గీత చివర మలుపు తిరుగుటకు ఒకటి రెండడుగులు చాలవలసియుండగా, చిన్న చిన్న యడుగులు ఎన్నో వేసి, గోడకు చేయి యానించినది. తిరిగి వచ్చునప్పుడు "మనుమడు ఏం సదువుతుండు పెద్దమ్మా?" యని ఏఎన్ఎం అడుగగా, ఆమె నిలిచిపోయి, తల యెత్తి, "ఇంటరు అయిపాయె బిడ్డా" యని చెప్పి, పిమ్మట అడుగు కదిపినది. ఇంతయు రెండు నిమిషముల పని. ఆమె చీటీలో బి.పి. ఉన్నది, షుగరు ఉన్నది. కాని ఆ దినము ఆమెను గూర్చి తెలిసికొనవలసిన మిక్కిలి ముఖ్యమైన విషయము ఆ వరండా గచ్చుమీద తేలినది. అడుగగా, ఆ యేడాది రెండుమార్లు పడినట్లును, కొడుకు కోప్పడునని యింట చెప్పలేదనియు బయటపడినది.

ఒక హెచ్చరిక నా వృత్తిధర్మముగా చేయవలసియున్నది. ఈ పరీక్షలలో నే యొక్కటియు జాతకచక్రము వంటిది కాదు. కుర్చీనుండి లేచి మూడు మీటర్లు నడచి వచ్చు పరీక్షను పండ్రెండు సెకన్లలోపల ముగించినవారు పడరనియు, మించినవారు పడి తీరుదురనియు చెప్పుటకు వీలులేదు. కాలముతో బాటు మూడు ప్రశ్నలు తప్పక అడుగవలెను: గడచిన యేడాదిలో పడితిరా? నిలుచున్నప్పుడు గాని నడచునప్పుడు గాని తూలినట్లుండునా? పడుదుమేమో యను భయమున్నదా? సంఖ్యయు, సమాధానములును, చూచువారి కన్నును మూడును కలిసినప్పుడే నిర్ణయము సరియగును. అంతకంటె ముఖ్యముగ, ఒకే మనిషి యొక్క కొలతను ఆరునెలలకొకమారు తీసి, నిరుటి సంఖ్యతో పోల్చిచూచుట వలన కలుగు ప్రయోజనము, ఏ పట్టికలోని సంఖ్యతోనో పోల్చుట వలన కలుగదు.

ఈ పరీక్షలు పుట్టిన దేశములలో జనులు కుర్చీలపై కూర్చుండి, బూట్లు తొడిగి, సమతలమైన బాటలపై నడచువారు. మన పెద్దలు నేలపై కూర్చుండి లేతురు, మరుగుదొడ్డిలో గొంతుకూర్చుందురు, ఎత్తు గడపలు దాటుదురు, మడమపట్టీ లేని హవాయి చెప్పులు వేళ్లతో పట్టుకొని నడతురు. నేలపై కూర్చుండి, ఆధారము లేక లేచుటను పదిమార్కులకు కొలుచు పరీక్షను బ్రెజిల్ వైద్యుడు అరౌజో రూపొందించెను. అట్టిది మనకు కుర్చీ పరీక్షకంటెను సహజము. దీనికి తోడు మన ప్రాంతపు బాధ మరియొకటి కలదు: ఫ్లోరైడు నీటివలన వెన్నెముక బిగిసి, వెన్నుపాము నలిగి, కాళ్లు పట్టు తప్పు వ్యాధిని నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు 1937లోనే వైద్యులు వర్ణించియుండిరి, నల్లగొండ జిల్లా దానిని ఎన్ని తరములుగా భరించినదో మీకు విన్నవింపనక్కరలేదు. మెడ త్రిప్పలేని, నడుము వంచలేని మనిషి తూలినప్పుడు నిలదొక్కుకొను తీరు వేరుగా నుండును. కావున విదేశములలో నిర్ణయించిన ప్రమాణములను యథాతథముగా స్వీకరింపక, మన పెద్దల నడకకు మన ప్రమాణములను మనమే నిర్ణయించుకొనవలెను. విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయమును, వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయమును తమ పరిధిలోని ఫిజియోథెరపీ కళాశాలలచేత ఈ పని చేయింపగలవు.

కొలిచి తెలిసికొన్నంత మాత్రమున ఏమి లాభమని అడుగువారుందురు. పడుటను నివారింపగల మార్గములు లేకున్నచో ఆ ప్రశ్న న్యాయమే. కాని మార్గములున్నవి, వానికి సాక్ష్యమును ఉన్నది. 2019లో కాక్రేన్ సంస్థ ప్రకటించిన సమీక్షలో 108 అధ్యయనములలోని ఇరువదిమూడువేల మందికి పైగా వృద్ధుల వివరములు పరిశీలింపగా, వ్యాయామము వలన పడుటలు నూటికి ఇరువదిమూడు పాళ్లు తగ్గినవని తేలినది. ఆ వ్యాయామములలో ముఖ్యమైనవి సమతుల్యతకు సంబంధించినవే: గోడ ప్రక్కన ఒంటికాలిపై నిలుచుట, మడమకు వేళ్లు తగులునట్లు గీతపై నడచుట, కుర్చీనుండి చేతుల సాయము లేక లేచుట, ప్రక్కకు అడుగులు వేయుట. వీనికి యంత్రములు అక్కరలేదు. నేర్పువారును, విడువక చేయించువారును కావలెను. వీనికి తోడు, నిద్రమాత్రలను, ఎక్కువైన బి.పి. మాత్రలను వైద్యుడు పునఃపరిశీలించుట, పరుండినప్పుడును, లేచి నిలుచున్నప్పుడును రెండుమార్లు బి.పి. చూచుట, పదిగ్రాముల నైలాను తీగతో అరికాలి స్పర్శను పరీక్షించుట, కంటి శుక్లములకు శస్త్రచికిత్స చేయించుట, స్నానాలగదిలో గోడకు ఒక ఇనుపకడ్డీ బిగించుట గూడ అవసరము. వీనిలో నేదియు అతిక్లిష్టమైనది కాదు. ఎవరికి ఏది కావలెనో తెలియకుండుటయే నేటి లోపము. కొలత ఆ లోపమును తీర్చును.

కావున నా విన్నపము నాలుగు విషయములుగా మీ ముందుంచుచున్నాను.

ఒకటి: ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోను, పల్లె దవాఖానాలోను, పట్టణములలోని బస్తీ దవాఖానాలోను నేలపై నాలుగు మీటర్ల దూరమున రెండు గీతలను చెరిగిపోని రంగుతో గీయించి, వానికి ముందు వెనుకల ఒక్కొక్క మీటరు ఖాళీ విడిపించి, చేతులు లేని గట్టి కుర్చీ నొకదానిని, స్టాప్‌వాచ్ నొకదానిని ఉంచవలెను.

రెండు: బి.పి., షుగరు మందులకై నెలనెల వచ్చు పెద్దల చీటీలోను, రిజిస్టరులోను నడక వేగమునకొక గడిని, కుర్చీనుండి లేచుటకొక గడిని, గడచిన యేడాది పడితిరా యను ప్రశ్నకొక గడిని చేర్చవలెను. ఏఎన్ఎంలకును ఆశా కార్యకర్తలకును దీనిని నేర్పుటకు ఒక పూట శిక్షణ చాలును. కాని పరీక్షించునప్పుడు పెద్దల ప్రక్కనే, చేయి అందునంత దూరమున నడువవలెనను నియమమును ఆ శిక్షణలో అన్నింటికంటె ముందుగా నేర్పవలెను.

మూడు: కొలతలో లోపము కనబడినవారిని పంపుటకు సామాజిక ఆరోగ్య కేంద్రములందు ఫిజియోథెరపిస్టులను నియమించి, వారానికి కొన్ని దినములు వారిని గ్రామములకు పంపవలెను. 2010లో ఆరంభమైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమమున ఇట్టి సేవలకు స్థానమున్నది. ఖాళీలు నింపుట మీ చేతులలో నున్నది. పంపుటకు చోటు లేక కొలుచుట, కొలువకుండ చికిత్స చేయుట, రెండును అసమగ్రములే.

నాలుగు: తుంటి విరిగి ప్రభుత్వ ఆసుపత్రులలో, ఆరోగ్యశ్రీ వంటి పథకముల క్రింద చికిత్స పొందిన ప్రతి వృద్ధుని విషయమునను, ఎచట, ఎట్లు పడినది నమోదు చేయించి, ఆ వివరములను యేటేట ప్రకటింపవలెను. ఎన్ని పడుటలు స్నానాలగదులలో జరుగుచున్నవో, ఎన్ని బస్సు మెట్లపై జరుగుచున్నవో తెలిసిననాడు, పురపాలక శాఖకును, రోడ్డు రవాణా సంస్థకును, గృహనిర్మాణ శాఖకును మీరు చెప్పవలసినది సాక్ష్యముతో చెప్పగలరు.

ఈ లేఖను చదువు తక్కిన పాఠకులకు గూడ ఒక మాట. ప్రభుత్వము గీతలు గీయించు వరకు మీరు వేచియుండనక్కరలేదు. మీ యింటి పెద్దలు కుర్చీనుండి ఎట్లు లేచుచున్నారో, మలుపు ఎట్లు తిరుగుచున్నారో, నడచుచు మాటాడుటకు ఆగుచున్నారో లేదో చూడుడు. పడితిరా యని కోపము లేక, నింద లేక అడుగుడు. చెప్పినచో తిట్లు తప్పవను భయముచేత దాచిపెట్టబడిన పతనములు ఎన్నియో కలవు. అవి దాగియున్నంత కాలము తరువాతి పతనమునకు బాట వేయుచునే యుండును.

అమాత్యవర్యులారా, మన రెండు రాష్ట్రములలోను వృద్ధుల సంఖ్య యేటేట పెరుగుచున్నది. విరిగిన తుంటికి చేయు వ్యయములో కొద్దిపాటి భాగముతో తుంటి విరుగకుండ చూచుకొనవచ్చును. ఈ పనికి క్రొత్త చట్టమక్కరలేదు, విదేశీ యంత్రమక్కరలేదు. మీ సంతకముతో వెలువడు ఒక్క ఉత్తరువు చాలును. ఆ ఉత్తరువును ఈ సంవత్సరమే వెలువరింపుడని మన పెద్దలందరి పక్షమున ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ఫిజియోథెరపిస్టు